గోస్తనీ వెంట సైకిలు

(విశాఖపట్నంలో ఒక శనివారం సాయంత్రం, సైకిలు తొక్కే మిత్రుల కూడికలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి వినపడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, మైకులో గాలి హోరు తప్ప నా గొంతు రావట్లేదు. ఆ, ఇప్పుడు బాగుంది.

నన్ను పిలిచినప్పుడు అడిగారు, ఏం మాట్లాడతారు మాస్టారూ, బీచ్ రోడ్డు మీదేనా అని. బీచ్ రోడ్డు గురించి మీకు నేను చెప్పేదేముంది! ఇక్కడున్న వాళ్ళలో సగం మంది పొద్దున్నే ఆర్కే బీచ్ నుంచి బయల్దేరి, భీమిలిలో టిఫిన్ చేసి, ఫోటో పెట్టి, ఎనిమిదింటికల్లా ఇంటికొచ్చే వాళ్ళే. ముప్పై కిలోమీటర్లు అటు, ముప్పై ఇటు. మంచిదే. కానీ భీమిలి దగ్గర హ్యాండిలు వెనక్కి తిప్పే ప్రతిసారీ మీరు కథలో సగం విని లేచిపోతున్నారు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఆ మిగతా సగం. భీమిలి దగ్గర వెనక్కి తిరక్కుండా ఎడమకి తిరగండి. గోస్తనీ నది పట్టుకుని లోపలికి వెళ్ళండి. తగరపువలస, పద్మనాభం, అక్కణ్ణుంచి విజయనగరం. మొత్తం కలిపి దాదాపు అరవై కిలోమీటర్లు. అంటే మీరు రోజూ తొక్కే దూరమే. కాకపోతే వచ్చిన దారినే మళ్ళీ వెనక్కి తొక్కక్కర్లేదు.

మొదట సముద్రం వైపు సంగతి త్వరగా కానిద్దాం.

కుర్సురా సబ్‌మెరైన్ దగ్గర మొదలుపెడదాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి మన ఒడ్డున మ్యూజియంగా కూర్చుంది. నాలాగే అన్నమాట, రిటైరయ్యాక కూడా జనం వచ్చి చూస్తున్నారు. (నవ్వులు) పొద్దున్నే నడిచేవాళ్ళ కోసం అక్కడ కొంతసేపు బండ్లు ఆపేస్తారు కాబట్టి తొలి రెండు కిలోమీటర్లు రాజభోగం. లాసన్స్ బే దాటి తెన్నేటి పార్కు దగ్గరికొచ్చాక అసలు పరీక్ష. బీచ్ రోడ్డంటే బల్లపరుపుగా ఉంటుందనుకుంటారు కొత్తవాళ్ళు. కైలాసగిరి కొండ వచ్చి సముద్రంలో కాళ్ళు పెట్టిన చోట రోడ్డుకి వేరే దారి లేదు, ఎక్కాల్సిందే. అక్కడ దిగి నెట్టుకుంటూ వెళ్తే సిగ్గేం లేదు. నేను ఇప్పటికీ ఒక్కోసారి నెడతాను, సముద్రం చూస్తున్నట్టు నటిస్తూ.

రుషికొండ మీకు తెలుసు. 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది, శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు. అదయ్యాక తొట్లకొండ. 1976లో నౌకాదళం వాళ్ళు ఏదో కట్టడానికి కొండమీద సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధ విహారం అది. కొండ రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉండబట్టి తొట్లకొండ. పక్కనున్న బావికొండకి ఆ పేరు బావుల వల్ల. చూడండి, మనవాళ్ళు పేర్లు పెట్టింది స్తూపాన్ని చూసి కాదు, నీళ్ళని చూసి. సైకిలు వాడికి ఈ విషయం తొందరగా అర్థమవుతుంది. సముద్ర మట్టానికి నూట ఇరవై ఎనిమిది మీటర్ల ఎత్తు, పైకి చేరేసరికి సీసాలో చుక్క మిగలదు. ఆ కొండ మీద రెండువేల ఏళ్ళ కిందట వందమంది భిక్షువులు ఉండాలంటే ముందు వాననీళ్ళు పట్టుకోవాలి. ఆ తొట్ల అంచున నిలబడితే నాకు ధర్మం కన్నా ముందు ఆ ఇంజినీరింగు గుర్తొస్తుంది. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలు కూడా దొరికాయి. అంటే మనం వీకెండ్ కాటేజీలు కడుతున్న ఈ ఒడ్డు అప్పట్లో ఓడలొచ్చే ఒడ్డు.

ఒక హెచ్చరిక. తొట్లకొండ దిగేటప్పుడు బ్రేకులు ముందే చూసుకోండి. ఒకసారి సగం దిగాక నా వెనక బ్రేకు వైరు తెగిపోయింది. ముందు బ్రేకు గట్టిగా పడితే పల్టీ, వదిలేస్తే కింద మెయిన్ రోడ్డు. చివరికి కుడి చెప్పు రోడ్డుకి ఆనించి, రాసుకుంటూ రాసుకుంటూ దిగాను. కిందకొచ్చేసరికి చెప్పు అడుగు సిగరెట్టు పెట్టె అట్టంత పల్చగా అయిపోయింది. ఆ రోజు నుంచి స్పేర్ వైరు సీటు కిందే ఉంటుంది.

మంగమారిపేట దాటాక ఎర్రమట్టి దిబ్బలు. సినిమాల్లో పాటలకి వాడీ వాడీ జనానికి అదొక సెట్టింగు అనిపిస్తుంది. వేల ఏళ్ళుగా గాలి, సముద్రం కలిసి పోసిన ఇసక అది. ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. వాన పడ్డప్పుడల్లా గెడ్డలుగా, అంటే చిన్న వాగులుగా, కోసుకుపోతుంది. ఇలాంటివి మన దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో కూడా చేర్చారు. దయచేసి లోపలికి సైకిలు తీసుకెళ్ళకండి. ఒక్క టైరు గాడి పడితే మరుసటి వానకి నీళ్ళు ఆ గాడిలోంచే పారతాయి. జీడిమామిడి చెట్టుకి ఆనించి, తాళం వేసి, నడిచి వెళ్ళండి.

ఇక భీమిలి.

భీమిలిలో అందరూ ఒడ్డుకి పోతారు. నేను మిమ్మల్ని ముందు డచ్చి వాళ్ళ సమాధుల దగ్గరికి తీసుకెళ్తాను. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల నాటివి. కొన్ని సమాధులు కూచిగా పైకి లేచిన స్తంభాల్లా ఉంటాయి, దూరం నుంచి చూస్తే ఏదో గుడి గోపురం కట్టడం మొదలుపెట్టి వదిలేశారేమో అనిపిస్తుంది. దగ్గరికెళ్ళి రాతి మీద వేలు పెట్టి తడమండి. ఉప్పుగాలికి అక్షరాలు అరిగిపోయాయి, కంటికన్నా వేలికే బాగా తెలుస్తాయి. ఎక్కడి హాలెండు, ఎక్కడి గోస్తనీ! గుడ్డల వ్యాపారానికి వచ్చి, జ్వరాలొచ్చి, ఇక్కడే మట్టిలో కలిసిపోయారు. 1825లో డచ్చివాళ్ళు ఇంగ్లీషు వాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయారు. 1861లోనే భీమిలి, అసలు పేరు భీమునిపట్నం, మునిసిపాలిటీ అయింది. దేశంలో పాత మునిసిపాలిటీల్లో ఒకటి. ఆ వీధుల్లో గడియారం స్తంభం, చర్చి, లైట్‌హౌసు, పెద్ద పెద్ద మండువా ఇళ్ళు చూస్తే ఒక అనుమానం రావాలి మీకు. ఇంత చిన్న ఊరికి ఇంత ఠీవి ఎక్కణ్ణుంచి వచ్చింది?

నాకు ఆ అనుమానం చాలా ఏళ్ళు రాలేదు. ఎందుకంటే నేనూ మీలాగే టిఫిన్ చేసి వెనక్కి తిరిగేవాణ్ణి.

జవాబు సముద్రంలో లేదు. లోపల ఉంది. ఈ రేవు బతికింది లోపలి పొలాల మీద. విజయనగరం, శ్రీకాకుళం వైపు పండే గోగునార బళ్ళ మీద ఇక్కడికొచ్చి ఓడలెక్కేది. అది ఎంతగా ఈ ఊరి పేరు మోసిందంటే, బయటి మార్కెట్లో దానికి 'బిమ్లిపటం జూట్' అనే పేరు. పుస్తకాల్లో ఇప్పటికీ ఆ పేరే ఉంది. గోగు అంటే ఎవరో కాదండోయ్, మన గోంగూరే. గోగు కూర గోంగూర అయింది. ఆకు మన పప్పులోకి, నార వాళ్ళ గోనె సంచుల్లోకి. (నవ్వులు)

మరి ఆ రేవు ఎందుకు పడుకుంది? రెండు దెబ్బలు తగిలాయి. 1890ల్లో వచ్చిన రైలు విజయనగరం మీదుగా పోయింది తప్ప భీమిలి వైపు తిరగలేదు. ఇవాళ్టికీ భీమిలికి రైల్వే స్టేషను లేదు. తర్వాత 1933లో విశాఖపట్నం హార్బరు తెరిచారు. ఓడ నిలబడ్డానికి లోతైన చోటు, పక్కనే రైలు ఉన్నాక, అలల్లో పడవలేసుకుని సరుకు ఓడదాకా మొయ్యాల్సిన భీమిలికి ఎవరొస్తారు? అలా ఒక రేవు రిసార్టు ఊరు అయింది. నిజం చెప్పాలంటే, అందుకే ఆ ఇళ్ళు మిగిలాయి. రేవు బాగుండి ఉంటే వాటి స్థానంలో ఈపాటికి గోడౌన్లు లేచేవి.

ఇప్పుడు సైకిలు ఎక్కండి, లోపలికి వెళ్దాం. ముందు గోస్తనీ సముద్రంలో కలిసే చోట ఒక్క నిమిషం ఆగండి. పేరు చూశారా? గో-స్తని. బొర్రా గుహల్లో ఆవు పొదుగులాంటి రాతి నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతుంటే, అదే నది పుట్టుక అని అక్కడి నమ్మకం. అనంతగిరి కొండల్లో పుట్టి, తాటిపూడిలో ఆగి, అక్కడ మన విశాఖపట్నం కుళాయిలకి కొంత ఇచ్చి, మిగిలింది ఇక్కడిదాకా మోసుకొస్తుంది. వేసవిలో వెళ్తే మిగిలింది ఎంతో మీకే తెలుస్తుంది. ఇసక, మధ్యలో ఒక నీటి చార.

భీమిలి నుంచి తగరపువలస ఆరు కిలోమీటర్లు ఉంటుంది. దారిలో చిట్టివలస. జూట్ మిల్లు మూతపడి ఏళ్ళయింది. ఇందాక గోగునార అన్నాను కదా, ఇదిగో, కథలో ఆ ముక్క ఇక్కడుంది. గోడ పక్కనే నెమ్మదిగా తొక్కితే ఎంత పొడుగు గోడో పెడళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. కారులో అయితే 'ఏదో పాత ఫ్యాక్టరీ' అనుకునేలోపే అయిపోతుంది.

తగరపువలసలో హైవే దాటడం ఒక్కటే ఈ దారిలో నాకు నిజంగా టెన్షన్ పెట్టే చోటు. లారీలు. అక్కడ వీరత్వం వద్దు, దిగి, చేయెత్తి, జనంతో కలిసి దాటండి. దాటేస్తే ఇక మీరు వేరే దేశంలో ఉన్నట్టే. సముద్రం వాసన పోతుంది. పేడ వాసన, తడి మట్టి వాసన, చలికాలమైతే చెరుకు గానుగ వాసన. తాటిచెట్లు గట్లమీద బారులు తీరి నిలబడతాయి. సంక్రాంతి ముందు వెళ్తే రోడ్డు పక్కన తేగలు కాల్చి కట్టలు కట్టి అమ్ముతుంటారు. ఎనర్జీ బార్లని ప్యాకెట్లు కొనుక్కొస్తున్నారు కుర్రాళ్ళు. ఒక తేగ నములుతూ తొక్కండి, పది కిలోమీటర్లు వస్తుంది. పీచు పళ్ళలో ఇరుక్కుంటే నాది పూచీ కాదు.

ఈ ముక్కలోనే ఒకసారి పంచరు పడింది. తుమ్మముల్లు. ఆదివారం మిట్టమధ్యాహ్నం, పంపు ఇంట్లో మర్చిపోయాను. కిలోమీటరు నెట్టాక ఒక పాకలో పంచరు షాపు కనపడింది. ముసలాయన. నా సైకిలు చూసి, "ఏటి బాబూ, ఇంత సన్నం టైరేటి, బండి కోసమా, బొమ్మ కోసమా?" అన్నాడు. ట్యూబు లాగి, గాలి కొట్టి, నీళ్ళ బేసిన్‌లో కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పాడు. బుడగలు ఒకచోట కాదు, రెండుచోట్ల వచ్చాయి. గరుకు కాయితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా నోటితో ఊదుతూ కూర్చున్నాడు. తొందర పెట్టబోయాను. "ఆరనీ. తడిమీద అతికితే పద్మనాభం దాకా కూడా రాదు" అన్నాడు. అతికించాక టైరు లోపలంతా వేలితో తడిమి, ఇంకా అందులోనే ఉన్న ముల్లు పీకి నా చేతిలో పెట్టాడు. ఆ ముల్లు తియ్యకుండా ట్యూబు మార్చేసుకుని, మళ్ళీ రెండు కిలోమీటర్లకి దిగిపోయే వాళ్ళని మనలో నేను చాలామందిని చూశాను, పేర్లు చెప్పను. (నవ్వులు) రెండు పంచర్లకి ఆయన తీసుకున్నది మనం బీచ్‌లో ఒక కాఫీకి ఇచ్చేదాంట్లో సగం లేదు.

పద్మనాభం వచ్చేసరికి ఎదురుగా కొండ. మెట్లు పన్నెండు వందలకి పైనే. పైన అనంత పద్మనాభస్వామి, కింద కుంతీమాధవ స్వామి గుడి. కార్తీక అమావాస్య నాడు మెట్లన్నిటి మీదా దీపాలు పెడతారు. నేను మిమ్మల్ని మెట్లెక్కమనను, మోకాళ్ళు మీవి. కానీ కొండ కింద కాసేపు ఆగండి.

1794 జూలై 10. ఈస్టిండియా కంపెనీకి కట్టాల్సిన పేష్కషు, అంటే కప్పం, బాకీ పడిందని విజయనగరం రాజుని రాజ్యం వదిలి మచిలీపట్నం వెళ్ళిపొమ్మన్నారు. చిన విజయరామరాజు వెళ్ళలేదు. తన మనుషులతో వచ్చి ఈ పద్మనాభం దగ్గర దిగాడు. కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సైన్యం తెల్లవారుజామున మీద పడింది. గంటలోపే ముగిసిపోయింది. రాజు పోయాడు, ఆయన చుట్టూ ఉన్న సర్దార్లు కూడా పోయారు. కొడుకు నారాయణబాబుకి తర్వాత జమీందారీ తిరిగిచ్చారు గానీ, ముందున్నంత కాదు.

మన స్కూలు పుస్తకాల్లో బొబ్బిలి యుద్ధం ఉంటుంది, పద్మనాభం ఒక వాక్యంలో పోతుంది. నేనూ ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణే, నేనూ ఒక వాక్యంలోనే చెప్పాను. సైకిలు మీద వెళ్ళాక తెలిసింది ఆ చోటు ఎందుకని. ఒక పక్క రాజధాని, ఒక పక్క రేవు. రెండూ ఒక్క పూట దూరంలో. ఈ దారి చేతిలో ఉంటే లోపలి పంట, బయటి ఓడ రెండూ చేతిలో ఉన్నట్టే. దేశపటంలో ఇది నాకెప్పుడూ కనపడలేదు. కాళ్ళు నొప్పెట్టాక కనపడింది.

పద్మనాభం నుంచి విజయనగరం పది, పన్నెండు కిలోమీటర్లు. ఎండెక్కక ముందే చేరండి. ఒకసారి ఆ దారిలో ఒక ఇంటి అరుగు మీద పెద్దావిడ చోడి (రాగి) అంబలి గ్లాసు చేతిలో పెట్టి, "ఎండెక్కిపోనాది, కూకోండి బాబూ" అని కసిరింది. నేను కూర్చున్నాను. అంబలిలో నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఆ రోజు మిగిలిన దూరం నాకు గుర్తులేదు, ఆ ఉల్లిపాయ గుర్తుంది.

విజయనగరం గురించి ఎంతసేపైనా మాట్లాడతాను, టైమ్ అయిపోతోందని నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. కోట 1713లో కట్టారు. చుట్టూ కందకం. లోపల ఇప్పుడు ఆడపిల్లలు చదువుకునే కాలేజీ ఉంది. కోట నుంచి గంటస్తంభం దాకా సైకిలు నెట్టుకుంటూ నడవండి, తొక్కకండి, ఆ సందుల్లో తొక్కడం కూడా కష్టమే. దారిలో గురజాడ వారి ఇల్లు. అయ్యాక సంగీత కళాశాల. 1919లో పెట్టారు, మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ నేర్పింది ఇక్కడే, ఘంటసాల నేర్చుకున్నదీ ఇక్కడే. ఒక సాయంత్రం గోడ పక్కన చైను పడిపోయి ఎక్కించుకుంటున్నాను. లోపల ఎవరో పిల్ల సరళీ వరసలు సాధన చేస్తోంది. ఒకే చోట తప్పుతోంది, మళ్ళీ మొదలుపెడుతోంది. చైను ఎక్కాక కూడా ఆ పిల్లకి సరిగ్గా వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. చేతులకి గ్రీజు, తుడుచుకోవడం కూడా మర్చిపోయాను.

దసరా తర్వాత వచ్చే మంగళవారం మాత్రం సైకిలు వేసుకుని వెళ్ళకండి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఊళ్ళో చీమ దూరే సందుండదు. చింతమాను చివర పూజారి కూర్చుని ఆకాశంలో ఊగుతూ గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. చూడాలంటే బస్సులో వెళ్ళి చూడండి.

రాత్రి ఉండాలనుకునే వాళ్ళకి ఒక్క మాట. ఒక లాడ్జిలో గది ఇచ్చారు గానీ సైకిలు లోపలికి రానివ్వలేదు, కింద స్కూటర్ల మధ్య పెట్టమన్నారు. పొద్దున చూస్తే సీటు లేదు. సైకిలుంది, సీటు లేదు! పదిహేను కిలోమీటర్లు నిలబడి తొక్కాను. కాబట్టి గది తీసుకునే ముందే అడగండి, సైకిలు మంచం పక్కనే పడుకుంటుందని. ఒప్పుకోకపోతే వేరే చోటు చూసుకోండి. ఉండేవాళ్ళు రెండో రోజు పొద్దున రామతీర్థం వెళ్ళిరావచ్చు, కింద రాముడు, పైన గురుభక్తులకొండ మీద బౌద్ధుల ఇటుకలు. లేదంటే భోగాపురం మీదుగా కోనాడ దాకా వెళ్ళి చంపావతి సముద్రంలో కలవడం చూడొచ్చు.

ప్రశ్నలేమైనా ఉంటే... ఆ, చెప్పమ్మా.

(సభలో నుంచి ఒక యువతి: గాలి సంగతి చెప్పండి సార్. నేను వెళ్ళినప్పుడు తిరుగు ప్రయాణం ప్రాణం తీసింది.)

మంచి ప్రశ్న. ఇది ముందే చెప్పాల్సింది. మే, జూన్ నెలల్లో గాలి నైరుతి నుంచి. భీమిలి వెళ్ళేటప్పుడు వీపు మీద చెయ్యి వేసి తోసినట్టుంటుంది, మనకేదో బలం వచ్చేసిందనుకుంటాం. తిరిగొచ్చేటప్పుడు అదే చెయ్యి ఛాతీ మీద. పైగా పది దాటితే సముద్రపు గాలి ఇంకా పెరుగుతుంది. అందుకే నేను చెప్పే దారిలో తిరిగి రావడం లేదు. విజయనగరంలో రైలెక్కేస్తాం. సైకిలుని బ్రేకు వ్యానులో, అంటే సామాన్ల పెట్టెలో, వేయించాలి, కాగితం పని ఉంటుంది, గంట ముందు వెళ్ళండి. చలికాలం అయితే తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు చల్లటి గాలి ఉంటుంది, అది పెద్దగా అడ్డు రాదు. డిసెంబరు, జనవరి అన్నిటికన్నా మంచివి.

(ఒక పెద్దాయన: దీన్నంతా సైకిల్ ట్రాక్‌గా ప్రకటించి, రంగులేసి, బోర్డులు పెడితే బాగుంటుంది కదా?)

బోర్డులు పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. రంగు మాత్రం వద్దు సార్. ఎర్రరంగు ట్రాకు వేస్తారు, వారం తిరక్కుండా దాని మీద కార్లు పార్కు చేస్తారు, చూశాం కదా. నాకు కావలసింది రోడ్డు అంచున ఒక గజం గట్టి నేల, తగరపువలస దగ్గర దాటడానికి ఒక సిగ్నలు, రైల్లో సైకిలు ఎక్కించుకోవడానికి సులువు. ఇంకోటి, మంగమారిపేట వైపు రోడ్డంచున జాలర్లు నెత్తళ్ళు, అంటే చిన్న చేపలు, ఎండబెట్టుకుంటారు, వాసనొస్తుందని మనవాళ్ళు కొందరు కంప్లెయింట్లు రాస్తున్నారు. వాళ్ళు ఆ ఒడ్డున మనకన్నా ముందు నుంచి ఉన్నారు. మనం కాస్త పక్కనుంచి పోదాం.

(ఒక కుర్రాడు: ఏ సైకిల్ కొనాలి సార్?)

ఇంట్లో ఏదుంటే అది. పంచరు షాపు పెద్దాయన నవ్వని టైరు అయితే ఇంకా మంచిది. రేపు పొద్దున నేను వెళ్తున్నాను, రావాలనుకునే వాళ్ళు నాలుగున్నరకి కుర్సురా దగ్గరికి రండి. లైటు, నీళ్ళు, పంపు. గాలి మాత్రం ఇవాళ రాత్రే కొట్టించుకోండి, ఆ టైముకి ఏ షాపూ తెరవరు.